డిక్కీలో గులివింద పొలుసులు

ఎండు నెత్తళ్ల సంచికి సీటు బెల్టు పెడుతుంటే ఆ వాసన తగిలింది.

మా కారుకున్న పిచ్చిల్లో ఈ బెల్టు గోల ఒకటి. పక్క సీట్లో కాస్త బరువు పడితే చాలు, మనిషి కూర్చున్నాడనుకుని బెల్టు పెట్టేదాకా కీచుమంటూనే ఉంటుంది. అందుకని సంతకు వెళ్లే రోజున సరుకు నమూనా సంచిని కూర్చోబెట్టి, చంటిపిల్లకు కట్టినట్టు బెల్టు కట్టి తీసుకెళ్తాను. ఇంకో పిచ్చి, ఎడమ పక్క వెనక తలుపు గతుకుల రోడ్డు మీద కటకటలాడటం. ఇలాంటివి నాకు అలవాటే. ఈ వాసన మాత్రం అలవాటైనది కాదు.

"మావా, కారులో వాసనొస్తన్నాది" అన్నాను మా ఆయన ఈశ్వర్‌తో. ఆయన గుమ్మంలో కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు.

"సేపల యాపారం సేసినోల కారు మల్లెపూల వాసనేస్తాదేటి?" అన్నాడు. లోపలినుంచి మా అత్త లక్ష్మణమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. కానీ కారు తలుపు మూయలేదు.

ఎండు చేప వాసన వేరు, పచ్చి చేప వాసన వేరు. ఎండు చేపది ఉప్పూ ఎండా కలిసిన పొడి వాసన. ముక్కు దగ్గర తగిలి అక్కడే ఆగిపోతుంది. పచ్చిది తడి వాసన. పాతబడే కొద్దీ గొంతులోకి దిగుతుంది. ఆ రోజు నా కారులో ఉన్నది పచ్చి వాసన. నేను కారు కొన్నప్పటినుంచి అందులో పచ్చి చేప ఎక్కించలేదు. భావనపాడు ఒడ్డున వేలంపాటలో కొన్న చేపలు కొన్నచోటే కూర్మమ్మా, ఆమె జట్టు ఆడవాళ్లూ ఉప్పు పట్టించి ఇసుక మీద ఆరబెడతారు. ఎండిన తర్వాత సరుకు వ్యానెక్కి రాయగడ పోతుంది. కారులో ఎక్కేది ఈ సంచి ఒక్కటే. మరి పచ్చి చేప ఎక్కడినుంచి వచ్చింది?

సంచి దించేసి డిక్కీ తెరిచాను. అడుగున పరిచిన గుడ్డ ఎత్తాను. స్టెప్నీ టైరు చుట్టూ ఉప్పునీళ్లు ఎండిన తెల్లటి గీత. టైరుకీ రేకుకీ మధ్య రెండు మూడు పొలుసులు అంటుకుని ఉన్నాయి. వేలితో తీసి చూశాను. లేత ఎరుపు, పెద్ద పొలుసు. గులివింద చేపది.

పొలుసులు కొంగున ముడేసుకున్నాను. డిక్కీ మూశాను.

ఒడ్డున పాట గెలిచినవాళ్ల చేతిలో పడవ యజమాని కూరకని రెండు మంచి చేపలు పెడతాడు. దాన్ని కొసరంటాం. వద్దనకూడదు. వద్దంటే ఆ పడవ సరుకు మళ్లీ మనకు పడదని నమ్మకం. నాకు వచ్చే కొసరు నేను అప్పటికప్పుడే కూర్మమ్మ చేతిలో పెట్టేస్తాను. అంటే ఎవరో పాట గెలిచి, కొసరు తీసుకుని, కూర్మమ్మకు ఇవ్వకుండా నా కారు డిక్కీలో వేసుకుని వెళ్లారు. ఈ శీతాకాలంలో నా బదులు పాట పాడింది ఒక్కడే, మా మరిది ధనరాజు. అతను పాడిన రోజుల్లో నా కారు శ్రీకాకుళం షోరూమ్‌లో ఉంది. ఉందని నాకు చెప్పారు.

ఇక్కడ మా వ్యాపారం సంగతి చెప్పాలి. మొదట మా అత్త నెత్తిమీద గంప పెట్టుకుని ఊళ్లు తిరిగింది. ఆమె మోకాళ్లు పాడయ్యాక ఈశ్వర్ చేతికి వచ్చింది. ఆయనకు తెల్లవారకముందు లేవడం పడదు, చేప వాసనకు తల నొప్పి. అలా అది నా చేతికి వచ్చింది. వచ్చిందని ఎవరూ అనలేదు, ఇచ్చామని కూడా అనలేదు. నేను పొద్దున్నే వంట చేసి, అత్తకు షుగరు మాత్ర నీళ్ల గ్లాసు పక్కన పెట్టి, ఒడ్డుకు వెళ్లి, పాట పాడి, సరుకుకు ఉప్పు పట్టించి, తిరిగొచ్చి బట్టలు ఉతుక్కునేదాన్ని. ఈశ్వర్ టెక్కలి బజారులో మా కొట్లో కుర్చీలో కూర్చుని ఫోన్లు ఎత్తేవాడు. ఊళ్లో అందరూ "ఈశ్వర్ సేటు ఎండు చేపల కొట్టు" అంటారు. ఇన్నేళ్లూ అది నన్ను పెద్దగా బాధపెట్టలేదు. బోర్డు మీద ఎవరి పేరుంటే ఏం, సరుకు చూసే కన్ను నాది అనుకున్నాను. కారు కూడా ఆయన పేరునే తీసుకున్నాం, కాగితాలు తొందరగా అవుతాయని. షోరూమ్ వాళ్లకు ఇచ్చిన ఫోన్ నంబరూ ఆయనదే.

మా రేవులో ఒక కట్టుబాటుంది. పాట ఇంటిపేరు మీద నడుస్తుంది, ఇంటికి ఒకే గొంతు. మాది సూరాడ వారి ఇల్లు. పాట పిలిచే అప్పలస్వామి "సూరాడోల పాట" అని అరిస్తే ఇన్నేళ్లూ దాని అర్థం నేనే. ఇంట్లో ఇంకొకరు వచ్చి పాడుతూ ఉంటే, కొన్నాళ్లకు రేవు ఆ గొంతుకు అలవాటు పడుతుంది. ఆ తర్వాత పాత గొంతు అరిచినా వినరు. మా అత్త గొంతు అలాగే పోయి నా గొంతు వచ్చింది. అయితే ఆమె తనంతట తాను దిగింది.

ఈ శీతాకాలం మొదలైనప్పటినుంచి కారు మూడుసార్లు షోరూమ్‌కి వెళ్లింది. తలుపు కటకట ఒకసారి, బెల్టు కీచు ఒకసారి, మళ్లీ తలుపే ఒకసారి. చిన్న చిన్న వంకలు. ఇవి ఎప్పటినుంచో ఉన్నాయి, నేను పట్టించుకోలేదు. ఉన్నట్టుండి ఈశ్వర్‌కు వాటిమీద శ్రద్ధ పుట్టింది. "నేను తీసుకెల్తాలే. ఆడోలు కనబడితే షోరూమోలు లేని రిపేర్లు అంటగడతారు" అన్నాడు. నిజమే అనుకున్నాను. వెళ్లిన ప్రతిసారీ విశాఖనుంచి ఏదో పార్టు రావాలని కారు అక్కడే ఉండిపోయేది. తెల్లవారకముందే ఒడ్డుకు వెళ్లడానికి ఆటో దొరకదు. "ధనరాజు ఎల్తాడులే, ఆడికి బైకుంది" అనేవాడు ఈశ్వర్. ధనరాజు విశాఖలో సెల్‌ఫోన్ల కొట్టు పెట్టి, అది నడవక భార్య హేమతో తిరిగొచ్చేశాడు. ఖాళీగా ఉన్నాడు, రెండు రోజులు సాయం చేస్తాడు, మంచిదే కదా అనుకున్నాను.

తిరిగొచ్చిన కారులో సీటు వెనక్కి జరిగి ఉండేది. షోరూమ్ వాళ్లు నడిపి చూసి ఉంటారనుకున్నాను. "కొసరు కూర్మమ్మకి ఇచ్చినావా?" అని ధనరాజును అడిగితే, "ఇచ్చినాను వదినా" అన్నాడు. కూర్మమ్మను అడిగితే, "నాకేటీ ఇయ్యలేదమ్మా" అంది. ముసల్ది మరిచిపోయి ఉంటుందనుకున్నాను. ఎన్ని అనుకున్నానో చూడండి. సరుకు దగ్గరైతే గంప అడుగున చెయ్యి పెట్టి చూడందే పైన ఉన్న చేపను నమ్మను. బేరంలో అనుమానపడితే గట్టిది అంటారు. ఇంట్లో పడితే రోగం అంటారు. ఆ మాట పడటం ఇష్టంలేక ఇంటి సరుకును ఎప్పుడూ పైపైనే చూశాను.

గజపతినగరం సంత ఆ రోజుకు మానేశాను. కారు శ్రీకాకుళం వైపు తిప్పాను.

షోరూమ్‌లో ఏసీ చల్లగా ఉంది. సోఫాలో ఉన్నవాళ్లంతా మగవాళ్లే. అద్దానికి అవతల బండ్లు పైకి లేపి ఉన్నాయి. సర్వీసు అడ్వైజరు ప్రదీప్ కంప్యూటరు ముందునుంచి లేచి నా వెనక్కి చూశాడు, ఇంకెవరైనా వస్తున్నారేమోనని.

"సార్ రాలేదా మేడమ్?"

"సారుకి పనుంది. బండి నేనే నడుపుతాను బాబూ."

"అలాగా! జాబ్ కార్డు తీస్తాను మేడమ్. సార్ ఫోన్‌కి ఓటీపీ వెళ్తుంది, ఒకసారి కనుక్కుని చెప్పండి."

"కార్డు తర్వాత తియ్యొచ్చు. ముందు వాసన చూడు."

అతను తలుపు తెరిచి, ముక్కు లోపలికి పెట్టి, వెంటనే బయటికి తీశాడు. మర్యాదగా నవ్వాడు. "మేడమ్, మీది ఫిష్ బిజినెస్ అని సార్ చెప్పారు. ఇది బండి లోపం కాదు కదా. కావాలంటే ఏసీ క్లీనింగు చేసి, మంచి సెంటు పెడతాం."

కొంగులో పొలుసులున్నాయి. చూపించలేదు. బేరంలో నేను నేర్చుకున్నది ఒకటుంది. నిజం ధర తెలియాలంటే అడగకూడదు. తప్పు ధర మనమే చెప్పాలి. అవతలివాడు దాన్ని దిద్దకుండా ఉండలేడు.

"సెంటు కాదు బాబూ. తప్పు మీదే. కిందటిసారి బండిని అన్ని రోజులు మీ షెడ్డులో మూసి పెట్టేశారు. గాలి లేక వాసన పట్టేసింది. మీ మేనేజరుతో మాట్లాడాలి నేను."

ప్రదీప్ మొహం మారిపోయింది. "అన్ని రోజులేంటి మేడమ్? మా దగ్గర ఒక్క రాత్రి కూడా లేదు. పొద్దున్న ఇచ్చారు, డోర్ రబ్బరు మార్చాం, సాయంత్రానికి డెలివరీ ఇచ్చేశాం. సార్ వాళ్ల తమ్ముడుగారే తీసుకెళ్లారు."

"విశాఖనుంచి పార్టు రావాలని ఆపారు కదా?"

"రబ్బరుకా? అది మా దగ్గర పెట్టెలకు పెట్టెలు ఉంటుంది మేడమ్."

"అంతకుముందు కూడా ఆపారు."

"లేదు మేడమ్! అప్పుడైతే ఆ తమ్ముడుగారు ఈ సోఫాలోనే కూర్చుని, కాఫీ తాగి, బండి తీసుకుని వెళ్లారు." అంతలో అతనికి ఏదో తట్టినట్టుంది. గొంతు తగ్గించాడు. "ఏమైనా ప్రాబ్లమా మేడమ్?"

"ఏమీ లేదు. నేనే పొరపాటు పడ్డాను" అని తాళం తీసుకున్నాను.

వెనక్కి వచ్చేటప్పుడు హైవే మీద నెమ్మదిగా వచ్చాను. లారీలన్నీ హారన్ కొట్టుకుంటూ దాటి పోతున్నాయి. నేను ఇన్నాళ్లూ అనుమానించింది షోరూమ్ వాళ్లని. బిల్లులో లేనిపోనివి రాస్తున్నారేమో, పాత పార్టు కడిగి కొత్తదని పెడుతున్నారేమో అని ఒకటే గింజుకున్నాను. నా అనుమానం తప్పు కాదు, నేను దాన్ని పంపిన చోటు తప్పు. ఆ రోజుల్లో ధనరాజూ హేమా నౌపడలో హేమ పుట్టింట్లో ఉన్నారు. నౌపడనుంచి ఒడ్డు ఎంత దూరం? కారు అక్కడ పెరట్లో ఉంది, నేను టెక్కలిలో ఇంట్లో ఉన్నాను, విశాఖనుంచి పార్టు కోసం ఎదురు చూస్తూ. గులివిందల పులుసు కూడా అక్కడే తిని ఉంటారు. మా అత్త ఒకరోజు చిన్నకొడుకును చూసొస్తానని నౌపడ వెళ్లొచ్చి, రాత్రి అన్నం వద్దంది. ఇప్పుడు అర్థమైంది. ఆమె అంతకుముందే అంది కదా, కాళ్లకు నూనె రాయించుకుంటూ, "ఆడి కాళ్లమీద ఆడు నిలబడాల కదే. నువ్వు ఇంటికాడుంటే నాకూ తోడుగుంటాది" అని. ముసలమ్మ మాటల్లే అనుకుని నూనె రాస్తూనే ఉన్నాను. అది బేరంలో ధర అడగడం లాంటిది. నేను గుర్తుపట్టలేదు. ధనరాజుకు వ్యాపారం కావాలంటే ఇద్దరం కలిసి చేసేవాళ్లం, ఒడిశా వైపు సరుకు అతను చూసుకునేవాడు. ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. నా నోటినుంచి కాదనే మాట రాకుండా, నేను ఇష్టపడి ఇంట్లో కూర్చున్నట్టే కనబడేలా, తలుపు రబ్బరు వంకతో నన్ను దించేస్తున్నారు. అలిగితే, "అలగడానికేటుంది, కారే కదా పాడైంది" అంటారు.

తోవలో కారు ఆపి కూర్మమ్మకు ఫోన్ చేశాను. ఆమె చుట్టూ తిప్పి మాట్లాడే మనిషి కాదు.

"నువ్వు మానీసినావంట కదమ్మా. ధనరాజు అందరికీ అలగే సెప్తన్నాడు. అప్పలస్వామి ఇంకోపాలి ఆడి గొంతు ఇన్నాడంటే ఇంక నీ గొంతు ఇనడు. రేవు కట్టుబాటు నీకు తెల్దేటి?"

ఇంటికి వచ్చి వంట చేశాను. ఈశ్వర్‌కు వడ్డిస్తూ అన్నాను, "మావా, వాసన పోలేదు. ఓపాలి మళ్లీ షోరూమ్‌కి ఇచ్చీ."

ఆయన మొహం వెలిగింది. "నాను సెప్పినాను కదేటే! రేపే ఇచ్చేస్తాను. ఎల్లుండి పాటకి ధనరాజు ఎల్తాడులే."

"నానైతే రేపు బస్సెక్కి గజపతినగరం ఎల్తాను. సంతోల బాకీలు వసూలు సేసుకొని, రేతిరి మా పిన్నమ్మ ఇంట్లో ఉండిపోతాను."

"ఉండు, ఉండు. తొందరేటి, రెండ్రోజులుండి రా."

పెళ్లైనప్పటినుంచి నేను ఏ ఊరికి వెళ్తానన్నా ఆయన నోటినుంచి మొదట వచ్చే మాట "మరి వంటో?" అని. ఆ రోజు ఆ మాట రాలేదు. అప్పటిదాకా నాలో ఎక్కడో ఉంది, ప్రదీప్ పొరపాటు పడ్డాడేమో, మా ఆయనకు ఏమీ తెలియదేమో, అంతా ధనరాజు పనేమోనని. అడగాల్సిన ప్రశ్న ఆయన అడగకపోయేసరికి ఆ కాస్తా పోయింది.

మర్నాడు నేను బస్సెక్కింది భావనపాడుకు. ఆ రాత్రి కూర్మమ్మ ఇంట్లో పడుకున్నాను.

తెల్లవారుతుండగా పడవలు వచ్చాయి. ఇసుక మీద కవళ్ల చేపలు కుప్పలు పోశారు. బాగున్నాయి, కళ్లు మెరుస్తున్నాయి. అప్పలస్వామి తువ్వాలు భుజాన వేసుకుని కుప్ప పక్కన నిలబడ్డాడు. నేను కొంగు తలమీదకు లాక్కుని కూర్మమ్మ వెనక నిలబడ్డాను. సిమెంటు రోడ్డు చివర మా తెల్ల కారు వచ్చి ఆగింది. నడిపే సీట్లోంచి ధనరాజు దిగాడు. రెండో పక్కనుంచి ఈశ్వర్ దిగాడు. ఆ వేళకు ఆయన లేవగా నేను చూడటం అదే మొదటిసారి. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. తమ్ముణ్ణి రేవుకు అప్పజెప్పడానికి వచ్చాడని ఆ చొక్కా చూస్తేనే తెలిసింది.

పాట మొదలైంది. ఒకళ్లిద్దరు పాడారు. ధనరాజు పైకి పాడాడు.

"సూరాడోల పాట!" అని అరిచాడు అప్పలస్వామి.

నేను తలమీది కొంగు తీసి, అతని ధర మీద ఇంకా పైకి పాడాను.

తలలన్నీ తిరిగాయి. అప్పలస్వామి చెయ్యి ఎత్తాడు. "ఆగండి, ఆగండి. ఇదేటమ్మా? సూరాడోల గొంతు ఆపక్కా ఉన్నాది, ఈపక్కా ఉన్నాది! ఒక ఇంటికి రెండు గొంతులు లేవు. మీలో మీరు తేల్సుకొని రండి."

ఈశ్వర్ ఇసుకలో చెప్పులు కూరుకుపోతుంటే గబగబా వచ్చాడు. "నువ్వు గజపతినగరంలో లేవేటే?"

"కారు శ్రీకాకులంలో లేదేటి మావా?"

గంపలు పట్టుకున్న ఆడవాళ్లు పక్కున నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "నలుగుర్లో ఏటిది? ఇంటికెల్లి మాటాడుకుందాం. నీ సుకం కోసమే కదా సేసినాను. సీకటితో లేసి ఈ సలిలో నీకెందుకీ తిప్పలు?"

"నన్నడగొచ్చు కదా."

"అడిగితే నువ్వొప్పుకుంటావేటి?"

"ఒప్పుకోనని తెలిసే అడగలేదన్నమాట."

ధనరాజు కాళ్ల దగ్గర ఇసుకను చూస్తున్నాడు. "మెల్లగా నువ్వే మానుకుంటావని అన్నయ్య సెప్పినాడు వదినా" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. అతనిది ఆకలి. అది అర్థమయ్యే సరుకు.

ఈశ్వర్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఇంటికి ఎదురు పాడతావా? ఇంటిపేరు ఏటవుతాది?"

ఆ క్షణంలో నేను లెక్క చూసుకున్నాను. రాయగడ కొనుగోలుదార్లు ఫోనెత్తగానే గుర్తుపట్టేది నా గొంతు. ఆరబెట్టే ఆడవాళ్లు వినేది నా మాట. చేప చూసే కన్ను నాది. కారు కాగితం ఆయనది, కొట్టు బోర్డు ఆయనది, ఇంటిపేరు ఆయనది. కారు లేకపోతే ఈ ఊళ్లోనే ఒక గది అద్దెకు తీసుకోవచ్చు. ఇంట్లో ఏమవుతుందో మాత్రం లెక్కకు రాలేదు. దాన్ని పక్కన పెట్టాను.

మోచెయ్యి విడిపించుకున్నాను. "అప్పలస్వామన్నా, సూరాడోల గొంతు ఆలకే ఉంచీ. నాను ఆ ఇంటి పాట పాడలేదు."

"మరెవరి పాటమ్మా?"

"నాదే. అనూరాద పాట."

"ఇంటిపేరు నేకుండా ఈ ఒడ్డున ఎవులూ పాడనేదు తల్లీ."

"పాడకూడదని కట్టుబాటుందా?"

అతను ఆలోచించాడు. ఈశ్వర్ వైపు చూశాడు. మగవాళ్లందరూ నన్ను ఏదైనా అడిగాక ఆయన వైపే చూస్తారు. ఆ లోపల కూర్మమ్మ, "ఇంటికి ఒకే గొంతన్నావు గాని, గొంతుకి ఇల్లుండాలన్నావేటి? పిలువు మరి, సేప పాడైపోతాది!" అని అరిచింది. చుట్టూ ఉన్నవాళ్లు "పిలువు, పిలువు" అన్నారు. వాళ్లకు కావలసింది సరుకు కదలడం.

ధనరాజు మళ్లీ పాడాడు. నేను పైకి పాడాను. అతను అన్న వంక చూసి ఇంకా పైకి వెళ్లాడు. నేను ఇంకా పైకి వెళ్లాను. కవళ్లకు ఆ ధర ఎప్పుడూ లేదు. ధనరాజు మళ్లీ అన్న వంక చూశాడు. ఈశ్వర్ తల అడ్డంగా ఊపాడు.

అప్పలస్వామి మూడుసార్లు నా పేరు పిలిచి, పాట ముగిసినట్టు తువ్వాలు కుప్ప మీద వేశాడు.

ధర ఎక్కువే పెట్టాను. తెలిసే పెట్టాను.